ఎర్రబడని చెయ్యి

రొయ్యల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ టార్చి అనేవారు. ఒలిచే హాలు తలుపు దగ్గర స్టీలు బల్ల వెనక నిలబడటం అతని పని. బల్ల మీద తెల్లటి లైటు వెలుగుతూ ఉంటుంది. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ గ్లవ్స్ తొడుక్కునే ముందు ఆ లైటు కింద రెండు చేతులూ పెట్టాలి. ముందు అరచేతులు, తర్వాత వెనకవైపు, ఆ తర్వాత వేళ్ళు విడదీసి చూపించాలి. ఎక్కడైనా ఎర్రగా ఉన్నా, వాచినా అతను ఒకే మాట అంటాడు.

"వెనక్కి."

ఆ మాట పడితే పని లేనట్టే. చర్మం మామూలు రంగుకి వచ్చేదాకా గేటు దాటనివ్వరు.

"బావగారూ, ఎలాగూ చూస్తున్నారు, ఆయుర్దాయం ఎంతుందో కూడా చెప్పండి," అంది వరసలో ముందున్న లావుపాటి ఆవిడ.

"నీకు నూరేళ్ళు. నీ నోటికి ఇంకో నూరు. నడు లోపలికి."

వరస నవ్వింది. తర్వాత వచ్చింది కొత్తగా చేరిన అమ్మాయి. మణికట్టు మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ.

"దోమ కుట్టిందన్నా."

"గుండ్రంగా గీత గీసుకుని మరీ కుట్టిందా? వెనక్కి."

"అన్నా, ఈ ఒక్కసారికి."

"వెనక్కి."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ పోయింది. "కన్నతల్లి వచ్చి చెయ్యి చాపినా వెనక్కే అంటాడు," అని వరసలో ఎవరో గొణిగారు. అతను విన్నాడు. విని లోలోపల సంతోషించాడు కూడా. తన పని గురించి అంతకంటే మంచి మాట ఎవరూ అనలేరని అతని నమ్మకం.

తర్వాతి చేతులు అతని భార్యవి.

వెనకవాళ్ళు మెడలు సాచారు. రోజూ జరిగేదే ఇది. అందుకే ఆమె చేతుల్ని అతను మిగతావాళ్ళ కంటే ఎక్కువసేపు చూస్తాడు, నలుగురికీ కనిపించేలా.

కుడిచేతి నడిమి వేలికీ ఉంగరపు వేలికీ మధ్య చర్మం తెల్లగా, నానిపోయినట్టు ఉంది. కొద్దిగా పొర లేచింది. ఐసునీళ్ళలో నానే చేతులు అలాగే ఉంటాయి. అతను బొటనవేలితో నొక్కాడు.

"నొప్పా?"

"లేదండి."

"దురద?"

"లేదు."

ఎరుపు లేదు. లైటు కాస్త దగ్గరగా జరిపి మళ్ళీ చూశాడు. ఎక్కడా లేదు.

"లోపలికి," అన్నాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను నేర్చుకున్న చదువంతా ఒక్క రంగు. ఆమెకు షుగర్ ఉందని అతనికి తెలుసు. ఆ రంగును షుగర్ దొంగిలించగలదని మాత్రం తెలియదు.

* * *

వారపు సెలవు రోజు పొద్దున ఆమె చేతిలోంచి నీళ్ళ గిన్నె జారి వంటగదిలో దొర్లింది.

"నిద్రలో ఉన్నావా ఏంటి?" అంటూ అతను లోపలికి వచ్చాడు. ఆమె ఎడమచేత్తో గిన్నె తీస్తోంది. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది.

"అది తియ్యి."

"ఏం లేదులెండి. కాస్త బరువుగా ఉంది."

అతనే తువ్వాలు లాగాడు. చేతి వెనకభాగం గాలి కొట్టినట్టు ఉబ్బి ఉంది. చర్మం బిగుసుకుని బూడిదరంగులో మెరుస్తోంది. ఉంగరపు వేలి మొదట్లో చిన్న నల్లటి చుక్క.

"ఇదేంటి?"

"రొయ్య కొమ్ము గుచ్చుకుంది. గ్లవ్ చిరిగింది."

"ఎప్పుడు?"

"గుచ్చుకున్నట్టు తెలిస్తే కదా. గ్లవ్‌లోకి నీళ్ళొస్తే చూసుకున్నాను."

ఆమె ఒళ్ళు కాలిపోతోంది. మొదటిసారి అతనికి భయం వేసింది. చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఎర్రగా లేదు. గుండె మీంచి బరువు దిగినట్టయింది. అలా దిగినందుకు తర్వాత అతను చాలాసార్లు తల గోడకేసి కొట్టుకోవాలనుకున్నాడు.

ఆసుపత్రిలో అత్యవసర విభాగం చూస్తున్నది ఒక పొట్టి సర్జనమ్మ. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని భార్య రెండు వేళ్ళనీ మెల్లగా విడదీసింది. వాసన వచ్చింది. రోజంతా చచ్చిన రొయ్యల మధ్య బతికేవాడు కూడా ముఖం తిప్పుకునే వాసన.

డాక్టరమ్మ షుగర్ చూసింది. మిషన్ మీద నమ్మకం లేనట్టు ఇంకో మిషన్ తెప్పించి మళ్ళీ చూసింది.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటుందండి," అన్నాడు అతను.

"నేను ఆవిణ్ణి అడిగాను."

భార్య గోడవైపు చూసింది. "తిన్న వెంటనే వేసుకోమన్నారు. ఒలిచే లైన్ మీద ఉన్నప్పుడు తిండి ఎప్పుడు దొరుకుతుందో తెలీదు కదండీ. ఒక్కోరోజు వేసుకుంటా, ఒక్కోరోజు లేదు."

డాక్టరమ్మ అరచెయ్యి మధ్యలో నొక్కింది. భార్య ముఖంలో మార్పేమీ లేదు. ఆ మార్పు లేకపోవడం చూసి డాక్టరమ్మ ముఖమే మారింది.

"వేళ్ళ సందులో ఉన్నది ఫంగస్. తడిలో పనిచేసే ఎవరికైనా వస్తుంది. షుగర్ ఎక్కువగా ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం కాపురం పెట్టేస్తుంది. చర్మాన్ని నానబెట్టి, చీల్చి, దారి చేసింది. ఆ దారిలోంచీ, కొమ్ము గుచ్చిన చోటునుంచీ వేరే సూక్ష్మజీవులు లోపలికి పోయాయి. అరచేతి నిండా చీముంది. ఇవాళే తెరవాలి. ఈ రెండు వేళ్ళూ దక్కకపోవచ్చు."

"ఎర్రగా లేదు కదండీ," అన్నాడు అతను.

"నా భయం కూడా అదే."

"అంటే?"

"చర్మంలోకి ఏదైనా దూరితే ఒళ్ళు ఊరుకోదు. అక్కడికి రక్తాన్ని తోస్తుంది, కాపలా కణాల్ని పంపుతుంది. మనకి కనిపించే ఎరుపు, వేడి, దురద అన్నీ ఆ పోట్లాట గుర్తులు. షుగర్ అదుపులో లేకపోతే ఆ కణాలు మందగిస్తాయి. ఆలస్యంగా వస్తాయి, వచ్చినా సరిగ్గా పనిచెయ్యవు. నరాలు కూడా మొద్దుబారతాయి కాబట్టి నొప్పి తెలీదు. లోపల కుళ్ళిపోతున్నా పైకి ప్రశాంతంగా ఉంటుంది."

అతను తల అడ్డంగా ఊపాడు. "డాక్టరమ్మా, నేను రోజూ చేతులే చూస్తాను. అదే నా ఉద్యోగం. ఉడికిన రొయ్యల్లా ఎర్రబడిన చేతులు చూశాను. వారం తిరక్కుండా మానిపోయాయి. వాటి ముందు ఇది నయం."

"మీరు చూసినవి పోట్లాడుతున్న చేతులు. ఇది పోట్లాడటం లేదు."

డాక్టరమ్మ స్పష్టంగా చెప్పిన ఆ మాట అతని చెవి దాటి పోయింది. మంచం మీంచి భార్య లేచి కూర్చుంది.

"వేళ్ళు తీసేస్తే నేనేం ఒలుస్తాను? ఇంకో డాక్టరుకి చూపిద్దాం, పదండి."

ఆ మాట ఆమె అనాలనే అతను ఎదురుచూస్తున్నాడు. డాక్టరమ్మ ఒక ఇంజెక్షన్ చేసింది. వెళ్ళొద్దని రెండుసార్లు చెప్పింది. మూడోసారి గొంతు తగ్గించి, "చెయ్యి మీద ఎర్రటి గీత కనిపించిందంటే ఎక్కడున్నా వెనక్కి పరిగెత్తుకు రండి," అంది.

* * *

చర్మవ్యాధుల డాక్టరు క్లినిక్ మధ్యాహ్నం గానీ తెరవదు. బట్టలు, పాత మందుల చీటీలు తీసుకుందామని ఇంటికి వచ్చారు. కబురు విని అతని మరదలు వచ్చింది. ఆమెదీ అదే లైను, అక్క పక్కనే నిలబడి ఒలుస్తుంది.

అక్క చెయ్యి చూసి ఆమె గడప మీద కూలబడింది.

"అక్కా, ఆ ట్యూబు ఇంకా రాస్తున్నావా?"

"నోరు ముయ్యి."

"ఏ ట్యూబు?" అన్నాడు అతను.

భార్య పక్కనున్న సంచీని దగ్గరికి లాక్కుంది. అతను భార్య సంచీ తీసుకుని మంచం మీద బోర్లించాడు. దువ్వెన, బస్సు టికెట్లు, మాత్రల షీటు, వాటితోపాటు చివరిదాకా పిండేసిన చిన్న తెల్లటి ట్యూబు.

"అది రాస్తే తెల్లారేసరికి ఎరుపు పోతుంది బావా," అంది మరదలు. "దురద కూడా పోతుంది. మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు. లైన్‌లో అందరి దగ్గరా ఉంది."

"అందరంటే?"

"అందరంటే అందరమే. నీ లైటు దాటాలి కదా. నువ్వు వెనక్కి పంపిన దోమపిల్ల మళ్ళీ ఎంత తొందరగా వచ్చిందో చూశావుగా. అది తగ్గి రాలేదు, రాసుకుని వచ్చింది. నువ్వు చూసి భేష్ అన్నావు."

అతను ట్యూబు వంక చూశాడు. తన బల్ల ముందు నుంచి ఇన్నాళ్ళూ నడిచిపోయిన చేతులన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. శుభ్రంగా, తెల్లగా, అబద్ధంగా.

భార్యవైపు తిరిగాడు. "నీకేమొచ్చింది? నేను అక్కడ ఉండగా నువ్వెందుకు రాసుకున్నావు?"

"మీరు నన్ను వెనక్కి పంపేవారా?"

అతను ట్యూబు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పంపితే నలుగురిలో నా మొహం చిన్నబోతుంది. పంపకపోతే మీ మాట చిన్నబోతుంది. మొదట్లో సందు చుట్టూ కాస్త ఎర్రబడింది. ఆ కాస్తా లేకుండా చేసుకున్నాను. దాందేముంది, రెండుసార్లు రాసేసరికి పోయింది. తర్వాత మళ్ళీ ఎర్రబడకుండా రోజూ రాశాను."

ఆ మాటలు ఆమె ముద్దముద్దగా పలికింది. పళ్ళు టకటకమంటున్నాయి. దుప్పటి కప్పబోయి మరదలు ఆగిపోయింది.

"బావా."

అక్క కుడిచెయ్యి మోచేతి దాకా కనిపిస్తోంది. మణికట్టు నుంచి మోచేతి మడత దాకా ఎవరో పెన్నుతో గీసినట్టు ఎర్రటి గీత.

పొద్దున్నుంచీ అతను వెతుకుతున్న రంగు వచ్చింది.

* * *

వీధి చివర ఉండే ఐసు వ్యాన్ డ్రైవరు నోట్లో ముద్ద మింగకుండానే తాళాలు తీశాడు. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, అతను పక్కన ఇరుక్కున్నాడు. మరదలు వెనక తడి రేకుల మీద కూర్చుంది.

రైలు గేటు పడి ఉంది.

గూడ్సు బండి. పెట్టె తర్వాత పెట్టె, తీరిగ్గా పోతోంది. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. గేటు మనిషి చెవులు మూసుకుని, రైలును చూపించి చేతులెత్తేశాడు.

"బండిని రైలు మీంచి దూకించమంటావా?" అన్నాడు డ్రైవరు గేటు మనిషితో. తర్వాత ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

"ఆలస్యమైపోతోంది," అంది ఆమె. "తలుపు మూసేస్తారు. పదండి, నా చోటులో ఇంకొకర్ని నిలబెట్టేస్తారు."

"ఇవాళ సెలవే."

"సెలవైతే వరస ఎందుకుంది?" అని గేటు ముందు ఆగిన బళ్ళను చూపించింది. చూపించడానికి ఎత్తిన చెయ్యి సగంలోనే జారిపోయింది.

గేటు లేచింది. వ్యాన్ వెళ్ళిన వేగానికి వెనక రేకుల మోత వీధంతా వినిపించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. గీత చూసింది, ట్యూబు తీసుకుని చదివింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది. ఫంగస్‌ని చంపదు, ఇంకా పెంచుతుంది. ఇల్లు అంటుకుంటే అరిచేవాడి గొంతు షుగర్ వల్ల ఎప్పుడో సన్నబడింది. మిగిలిన ఆ కాస్త గొంతూ దీంతో నొక్కేశారు."

"రెండు వేళ్ళూ తీసెయ్యండి," అన్నాడు అతను. "ఎక్కడ సంతకం పెట్టాలి?"

"పొద్దున రెండు వేళ్ళు. ఇప్పుడు మణికట్టు పైదాకా."

అతను పెన్ను పట్టుకున్నాడు. సంతకం తనది కానట్టు పడింది.

* * *

చెయ్యి పోయాక గాయం మానుతుందని అతను అనుకున్నాడు. కొయ్యడం అంటే అక్కడితో అయిపోవడం అనుకున్నాడు.

గాయం మానలేదు. కట్టు విప్పిన ప్రతిసారీ అంచులు విడిపోయి తడిగా ఉండేవి. ఇప్పుడు చుట్టూ ఎరుపు ఉంది. వచ్చిన ఎరుపు పోవడం లేదు.

"పోట్లాడుతోంది కదండీ," అన్నాడు అతను ఆశగా.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "పిలిచినప్పుడు రాని చుట్టాలు చూశారా, అన్నీ అయిపోయాక వచ్చి కదలరు. అలాంటివే ఈ కణాలు. ఇప్పుడు వచ్చి కూర్చుని మంచి కండని కూడా తినేస్తున్నాయి. ఈ వాపు దిగితే గానీ కొత్త కండ పట్టదు. షుగర్ దిగితే గానీ వాపు దిగదు. లోపల చీముంటే షుగర్ దిగదు. ఎక్కడ పట్టుకుని లాగాలో మాకూ తెలీడం లేదు."

ఈలోగా మేనేజరు కబురు పంపాడు. తలుపు దగ్గర అతని చోటులో పెట్టిన మనిషికి చేతులు పట్టుకునే కన్ను లేదట. అతను వెళ్ళాడు, ఎందుకంటే మందుల షాపువాడు అప్పు పెట్టడు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని అతను ఎవరికీ చెప్పలేదు.

వరస నిలబడింది. అతను లైటు వెయ్యలేదు.

"ట్యూబులు తీసి బల్ల మీద పెట్టండి," అన్నాడు. "ఎవర్నీ వెనక్కి పంపను. షుగర్ ఉన్నవాళ్ళు చెప్పండి చాలు. మా ఇంట్లో ఏమైందో మీకు తెలుసు."

వరసలో చేతులు కొంగుల కిందికి పోయాయి.

"ఏ ట్యూబు బావగారూ?" అంది లావుపాటి ఆవిడ. ఆమె గొంతులో వేళాకోళం లేదు. భయం ఉంది.

అతను లైటు వేశాడు. ఒక్కొక్కరే చేతులు పెట్టారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక నడివయసు ఆవిడ వేళ్ళ మధ్య తెల్లటి, నానిన చర్మం కనిపించింది. అతను ఆ చేతుల మీదికి వంగాడు.

"అమ్మా, షుగరుందా?"

"లేదు బాబూ."

"నిజం చెప్పు. నీ పని పోదు. నా పని పోయినా సరే."

"లేదన్నాను కదా." ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

మేనేజరు వెనకనుంచి దగ్గాడు. "ఏమైనా ఎర్రగా ఉందా? లేదుగా? మరి కదలనివ్వు, ఐసు కరిగిపోతోంది."

అతను ఏదో చెప్పబోయాడు. ఇన్నేళ్ళూ ఈ బల్ల దగ్గర అతను అన్నవి రెండే మాటలు. ఒకటి అంటే ఆ మనిషి తిండి పోతుంది, మళ్ళీ ట్యూబు రాసుకుని వస్తుంది. రెండోది అంటే చెయ్యి పోతుంది. మూడో మాట అతనికి రాలేదు.

"లోపలికి," అన్నాడు.

* * *

మధ్యాహ్నం మరదలు గేటు దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మ రమ్మంటోంది. ఈసారి మోచేతి పైనుంచి.

వార్డులో భార్య కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఇంక కొయ్యనివ్వను," అంది. "ఇలా ముక్కముక్కకీ మత్తిచ్చి కోసుకుంటూ పోతే చివరికి మీకు మిగిలేదేంటి? ఒక్కసారే పోనివ్వండి."

"డాక్టరమ్మ ఏమందో విన్నావా? ఆగితే రక్తంలోకి..."

"విన్నాను. మొదటిసారి నా మాట విన్నారు కదా. ఇప్పుడెందుకు వినరు?"

"మొదటిసారి విన్నందుకే."

ఆమె అతని వైపు తిరిగింది. "మీరు విన్నది నా మాట కాదు. మీ కన్ను మాట. నేను వంక దొరికాను, అంతే."

డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. ఆమె స్పృహలోనే ఉంది కాబట్టి ఒప్పుకోవాల్సింది ఆమే అంది డాక్టరమ్మ. అతను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బతిమాలాడు. మరదలు ఏడ్చింది. చివరికి భార్య విసుగెత్తి, ఎడమచేత్తో కాగితం లాక్కుని వంకర గీత ఒకటి గీసి పడేసింది.

"ఇది మీకోసం," అంది. "నాకోసం కాదు. ఆ తర్వాత నాతో మాట్లాడకండి."

ఆమె అన్న మాట నిలబెట్టుకుంది. ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చాక చెల్లెలితో మాట్లాడింది, నర్సుతో మాట్లాడింది. అతనితో లేదు. అతను నీళ్ళు తాగిస్తే తాగింది. దిండు సర్దితే సర్దనిచ్చింది. కొత్త గాయం ఎలా ఉందని అతను అడిగితే డాక్టరమ్మ, "చూడాలి," అంది. ఆ మాటలో ఏ రంగూ లేదు.

మూత్రానికి వెళ్ళి రావాలంటే, ముఖం కడుక్కోవాలంటే, జుట్టు వెనక్కి తోసుకోవాలంటే ఆమెకు ఉన్నది ఆ ఎడమచెయ్యి ఒక్కటే. కానీ ఒక పొద్దున అతను గమనించాడు. అతను గదిలోకి వస్తే ఆమె ఆ చేతిని దుప్పటి కింద పెట్టేస్తోంది. అతను బయటికి వెళ్తే తీస్తోంది. పాలగ్లాసు అందిస్తే తీసుకోలేదు. బల్ల మీద పెట్టమని చూపుతోనే చెప్పింది.

"చెయ్యి చూపించు," అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. దుప్పటి కింద చెయ్యి ఇంకా లోపలికి జరిగింది.

దుప్పటి లాగడానికి ఒక్క క్షణం పట్టదు. వంటగదిలో తువ్వాలు లాగినట్టే లాగొచ్చు. అతను చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. లాగితే తను చూడబోయేది ఏదైనా, దాని అర్థం తనకు తెలియదు.

"సరే, నేను చూడను," అన్నాడు. "డాక్టరమ్మని పిలుస్తాను. ఆవిడకి చూపించు. నేను బయటే ఉంటాను. ఏముందో నాకు చెప్పొద్దన్నా సరే."

ఆమె కళ్ళు తెరిచింది. కాదని అనలేదు.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళి తెర లాగింది. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దుప్పటి తీసిన చప్పుడు వినిపించింది. వేళ్ళు విడదియ్యమ్మా అన్న మాట వినిపించింది. ఆ తర్వాత డాక్టరమ్మ గొంతు తగ్గించి, "ఇక్కడ నొక్కుతున్నాను, తెలుస్తోందా?" అని రెండుసార్లు అడిగింది.